పసిబిడ్డ పగటి నిద్ర, మన బయటి పనులు: తిరుపతి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పసిబిడ్డ ఉన్న ఇంటికి తీరిక దొరకడం కష్టం. దర్శనానికి వచ్చే బంధువులు మన ఇంట్లోనే దిగుతారు, వాళ్లను తిరుచానూరుకో కాణిపాకానికో తీసుకువెళ్లవలసి వస్తుంది, ముహూర్తాల నెలల్లో వారానికి రెండు మూడు పెళ్లిపిలుపులు వస్తాయి, వీటి మధ్య బిడ్డ టీకాలు, మన ఉద్యోగాలు, కూరగాయల సంచీ ఎలాగూ ఉన్నవే. రెండేళ్లలోపు బిడ్డల తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. బిడ్డ నిద్ర కోసం తల్లి ఇంటికే అంటిపెట్టుకుని ఉండనవసరం లేదనీ, అలాగని బిడ్డ నిద్రను మన తీరికను బట్టి ఎటుపడితే అటు జరపకూడదనీ నేను నమ్ముతాను. ఈ సమాధానాలన్నీ ఆ నమ్మకం మీదనే ఆధారపడి ఉన్నాయి.

పగటి నిద్రకు ఇంత పట్టింపు అవసరమా? అలసిపోతే బిడ్డే నిద్రపోతుంది కదా?

మొదటి రెండు మూడు నెలల్లో చాలావరకు అది నిజమే. ఆ వయసులో పగలు, రాత్రి అనే తేడా శరీరానికి ఇంకా పూర్తిగా తెలియదు కాబట్టి, పాలు తాగి ఎక్కడ ఉంటే అక్కడే నిద్రపోతారు. మూడు నాలుగు నెలలు దాటేసరికి పరిస్థితి మారుతుంది. చుట్టూ ఉన్న వెలుగు, చప్పుడు, కొత్త ముఖాలు బిడ్డను ఆకర్షిస్తాయి, నిద్ర వస్తున్నా కళ్లు మూయనివ్వవు. మరీ అలసిపోయిన బిడ్డ హాయిగా నిద్రలోకి జారుకోవడానికి బదులు ఏడుస్తుంది, కాళ్లు తన్నుకుంటుంది, రొమ్ము అందించినా నోరు తిప్పుకుంటుంది. పగలు బాగా అలసిపోతే రాత్రి బాగా నిద్రపోతుందన్న లెక్క పెద్దవాళ్ల విషయంలో ఎలా ఉన్నా, పసిబిడ్డల విషయంలో తరచుగా తప్పుతుంది.

ఏ వయసులో ఎంత నిద్ర కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల బిడ్డకు 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు బిడ్డకు 11 నుంచి 14 గంటల నిద్ర అవసరం. రాత్రి నిద్ర, పగటి నిద్ర రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. నాలుగైదు నెలల బిడ్డ పగలు మూడు నాలుగు సార్లు నిద్రపోతుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు అది సాధారణంగా రెండు సార్లకు తగ్గుతుంది. ఏడాది దాటి పదిహేను నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎక్కువమంది పిల్లలు మధ్యాహ్నం ఒక్క నిద్రకు వస్తారు. ఈ అంకెల్లో పై అంచుకు, కింది అంచుకు మధ్య ఉన్న ఎడం చూడండి. పక్కింటి బిడ్డ రెండు గంటలు నిద్రపోతోందని మన బిడ్డ గంటకే లేవడం లోపమేమీ కాదు.

గడియారాన్ని చూసి పడుకోబెట్టాలా, బిడ్డను చూసి పడుకోబెట్టాలా?

ఆరు నెలల లోపు బిడ్డను చూసే పడుకోబెట్టాలి. పోయినసారి ఎప్పుడు లేచింది, అప్పటి నుంచి ఎంతసేపు మేలుకుని ఉంది అన్న లెక్క గడియారం ముల్లు కంటే నమ్మదగినది. నెలల పసికందు గంటకు మించి మేలుకుని ఉండలేదు. నాలుగు నెలలకు గంటన్నర నుంచి రెండు గంటలు, ఆరు నెలలకు రెండు నుంచి రెండున్నర గంటలు, తొమ్మిది నెలలకు సుమారు మూడు గంటలు, ఏడాదికి మూడు నుంచి నాలుగు గంటలు మేలుకుని ఉండగలదు. ఇవి ఉజ్జాయింపు లెక్కలు మాత్రమే.

నిద్ర వస్తోందని బిడ్డ ముందుగానే చెబుతుంది. ఆడుకుంటున్న గిలక్కాయ మీద నుంచి చూపు జారి గోడ మీద నిలిచిపోతుంది, మన ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకుంటుంది, చెవి లాక్కుంటుంది, కళ్లు నులుముకుంటుంది. ఆవులింత, ఏడుపు వీటి తరువాతే వస్తాయి. బయట ఉన్నప్పుడు మనం మాటల్లో పడి చూపు నిలిచిపోయిన మొదటి గుర్తును గమనించం, ఏడుపు మొదలయ్యాక ఆకలేమో అనుకుంటాం. బయటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు ఈ గుర్తులు కనిపెట్టే పనిని తమదిగా తీసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

రోజూ ఏదో ఒక పని మీద బయటికి వెళ్లవలసి వస్తే ఏ నిద్రను కాపాడుకోవాలి, ఏ నిద్రను వదులుకోవచ్చు?

ఒక్క నిద్రను గట్టిగా కాపాడుకుని మిగతావాటి విషయంలో పట్టూవిడుపూ చూపించడం మంచిదని నా అభిప్రాయం. పగలు రెండు మూడు సార్లు నిద్రపోయే బిడ్డ విషయంలో పొద్దున లేచిన తరువాత వచ్చే మొదటి నిద్రను నేను ఎంచుకుంటాను. ఆ నిద్ర తేలికగా పడుతుంది, ఆ వేళకు ఇంట్లో పనివేడి కొంచెం తగ్గుతుంది, అది బాగా జరిగితే మధ్యాహ్నం నిద్ర కొంత చెదిరినా బిడ్డ తట్టుకోగలదు. ఆరున్నరకు లేచే ఎనిమిది నెలల బిడ్డ తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య తన పక్క మీద, తన గదిలో, కిటికీ తెర వేసిన వెలుతురులో పడుకుంటుంది అనుకుందాం. లేచి పాలో గుజ్జో తీసుకున్నాక పదకొండు గంటలకు మనం గడప దాటవచ్చు. రెండో నిద్ర దారిలోనో, బంధువుల ఇంట్లోనో, భుజం మీదనో అయినా ఫరవాలేదు. ఒకే నిద్రకు వచ్చిన బిడ్డ విషయంలో మాత్రం కాపాడవలసినది మధ్యాహ్నం నిద్రే, ఎందుకంటే అది పోతే ఆ రోజుకు ఇంకొకటి లేదు.

ఇలా వారంలో ఎక్కువ రోజులు జరిగితే చాలు. వారానికి ఒకటి రెండు రోజులు ఆ నిద్ర కూడా బయటే అయిపోయిందని బెంగపడవలసిన పని లేదు. సాయంత్రం చివరి కునుకు గురించి కూడా ఒక మాట. సాయంత్రం ఐదు దాటాక బిడ్డ ఆటోలో గంటసేపు నిద్రపోతే రాత్రి పది వరకు కళ్లు తెరుచుకునే ఉంటుంది. ఆ వేళకు ఇరవై నిమిషాల కునుకుతో సరిపెట్టి, మెల్లగా లేపడమే మంచిది. నిద్రపోయే బిడ్డను లేపకూడదన్న మాట మన ఇళ్లలో గట్టిగా నాటుకుపోయి ఉన్నా, ఈ ఒక్క సందర్భంలో లేపడం బిడ్డకే మేలు.

ఎండాకాలంలో ఏ వేళల్లో బయటికి తీసుకువెళ్లవచ్చు?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన జిల్లాలో పగటి ఎండ నలభై డిగ్రీలు దాటే రోజులు చాలానే ఉంటాయి. పొద్దున తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం ఐదు తరువాత తప్ప పసిబిడ్డను ఆరుబయట తిప్పకపోవడమే మంచిది. నిజానికి ఈ ఎండే బిడ్డ దినచర్యకు తోడ్పడుతుంది. నడిమధ్యాహ్నం మనమూ గుమ్మం దాటలేం కాబట్టి, బిడ్డ నిద్రకు అడ్డుపడే పని ఆ వేళలో పెట్టుకోం. చిన్న ఆలయాలు కూడా చాలావరకు ఆ వేళకు మూసే ఉంటాయి. పొద్దున ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణంలో చెట్ల కింద ఒక చుట్టు, సాయంత్రం ప్రకాశం పార్కులో కాసేపు, ఈ రెండిటి మధ్య ఇంట్లో నిద్ర అన్న పద్ధతి మే నెలకు చక్కగా సరిపోతుంది.

ఆరు నెలల లోపు బిడ్డకు ఎండాకాలంలో కూడా తల్లిపాలే చాలు, నీళ్లు పట్టనవసరం లేదు. బయటికి వెళ్లిన రోజు ఇంకో రెండు మూడు సార్లు పాలిస్తే సరిపోతుంది. ఎండ పడుతోందని బిడ్డను పడుకోబెట్టిన స్ట్రోలర్ మీద దుప్పటో టవలో కప్పడం మన వీధుల్లో తరచుగా కనిపిస్తుంది. అది ప్రమాదకరం. లోపల గాలి ఆడక వేడి త్వరగా పెరుగుతుంది, బిడ్డ ముఖం మనకు కనిపించదు. నీడ కావాలంటే గొడుగు పట్టండి. ఆపి ఉంచిన కారులో బిడ్డ నిద్రపోతోంది కదా అని అద్దం కొంచెం దించి, అయిదు నిమిషాల పనికి దుకాణంలోకి వెళ్లడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ఏడాది లోపు బిడ్డతో తిరుమలకు వెళ్లాలి. నిద్ర చెడకుండా రోజును ఎలా అమర్చుకోవాలి?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఏడాది నిండని బిడ్డ తల్లిదండ్రులకు తిరుమల తిరుపతి దేవస్థానం సుపథం ప్రవేశమార్గం ద్వారా దర్శనానికి అవకాశం ఇస్తోంది. సాధారణంగా మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరు వరకు ఈ అవకాశం ఉంటుంది. బిడ్డ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోవాలి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వంటి రద్దీ రోజుల్లో ఇలాంటి ప్రత్యేక ఏర్పాట్లు నిలిపివేస్తారు కాబట్టి, బయలుదేరే ముందు దేవస్థానం ప్రకటన చూసుకోవడం తప్పనిసరి.

ఈ వేళలు రెండు నిద్రల బిడ్డకు బాగా కలిసివస్తాయి. మొదటి నిద్ర ఇంట్లోనే ముగించుకుని, పదకొండు ప్రాంతంలో బయలుదేరాలి. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర అందరూ వాహనం దిగాలి, సామాను తనిఖీ యంత్రంలో పెట్టాలి. ఇల్లు దాటగానే నిద్రలోకి జారిన బిడ్డ అక్కడ ఉలిక్కిపడి లేస్తుంది, ఆ తరువాత మళ్లీ పడుకోబెట్టడం కష్టం. అందుకే మొదటి నిద్ర అయ్యాకే బయలుదేరమంటున్నాను. మేలుకుని ఉన్న బిడ్డకు అలిపిరి దగ్గర కనిపించే గరుత్మంతుని విగ్రహం, బస్సులు, జనం మంచి కాలక్షేపం.

పైకి వెళ్లే వాహనాలు 28 నిమిషాల కన్నా తక్కువ వ్యవధిలో, కిందికి దిగేవి 40 నిమిషాల కన్నా తక్కువ వ్యవధిలో ఘాట్ రోడ్డు దాటకూడదన్న నిబంధన ఉంది. భద్రత కోసం పెట్టిన ఈ నిబంధన బిడ్డ నిద్రకు కూడా అక్కరకు వస్తుంది. పసిబిడ్డ నిద్రలో ఒక ఆవృత్తి, అంటే తేలిక నిద్ర నుంచి గాఢ నిద్రకు వెళ్లి మళ్లీ తేలిక నిద్రకు వచ్చే ఒక చుట్టు, నలభై అయిదు, యాభై నిమిషాలు ఉంటుంది. దర్శనం, భోజనం ముగించుకుని రెండో నిద్ర వేళకు దిగడం మొదలుపెడితే, ఆ మలుపుల ఊపులో బిడ్డ పడుకుని, అలిపిరి చేరేసరికి ఒక ఆవృత్తి దాదాపు పూర్తవుతుంది. కడుపునిండా పాలు పట్టిన వెంటనే మాత్రం వాహనం ఎక్కకండి, అరగంట ఆగండి.

క్యూలో ఉన్నప్పుడు సెల్‌ఫోన్ మన దగ్గర ఉండదు. ఫోన్‌లో వాన చప్పుడో, పాటో వినిపిస్తేనే పడుకునే బిడ్డకు ఆ రోజు మన గొంతే దిక్కు కాబట్టి, వారం ముందు నుంచే ఫోన్ లేకుండా జోలపాటతో పడుకోబెట్టడం అలవాటు చేయండి. ఆలయంలో గంటలు, గోవింద నామస్మరణ, తోపులాట అన్నీ కలిసి కొందరు బిడ్డలను బెదరగొడతాయి. బిడ్డ ముఖాన్ని తల్లి ఛాతీ వైపు తిప్పి, చెవి మీద అరచేయి ఆనిస్తే చాలావరకు కుదుటపడతారు. కొండ మీద కింది కన్నా చల్లగా ఉంటుంది. ఒక పలుచటి నూలు దుప్పటి, కాళ్లకు మేజోళ్లు చేతిలో ఉంచుకోండి.

నడిచి వెళ్లే మొక్కు ఉన్నవారికి ఒక మనవి. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో 2,388 మెట్లు ఉన్నాయి. పసిబిడ్డను ఎత్తుకుని గంటల తరబడి ఎక్కడం కన్నా, ఒకరు నడిచి, ఇంకొకరు బిడ్డతో వాహనంలో వెళ్లడం మొక్కుకు ఏ విధంగానూ లోటు కాదని నా విన్నపం.

పుట్టువెంట్రుకలు తీయించే రోజు నిద్ర సంగతి ఏమిటి?

నిద్ర ముంచుకొస్తున్న బిడ్డను కల్యాణకట్టలో కూర్చోబెడితే తల అటూ ఇటూ తిప్పుతూ గుక్కపట్టి ఏడుస్తుంది, కత్తి తగిలే భయం కూడా ఉంటుంది. నిద్ర లేచి, పాలు తాగి, అరగంట ఆడుకున్న తరువాత తీసుకువెళ్లండి. గుండు చేశాక తలకు చందనం పూసి, స్నానం చేయించిన బిడ్డ చాలా త్వరగా నిద్రపోతుంది. ఆ నిద్రకు వీలుగా గది తీసుకుని ఉంటే మంచిది.

ఆటోలో, కారులో, బండి మీద నిద్రపోతే ఫరవాలేదా?

ఆటోలో పెద్దవాళ్ల ఒడిలో, తల మోచేతి వంపులో ఉండగా చిన్న కునుకు తీస్తే ఫరవాలేదు. కారులో బిడ్డకు తగిన సీటు ఉండాలి, బెల్టు సరిగ్గా బిగించాలి. గమ్యం చేరాక నిద్ర చెడుతుందని బిడ్డను ఆ సీటులోనే ఉంచి ఇంట్లోకి తేవడం సరికాదు. కూర్చున్న భంగిమలో గడ్డం ఛాతీకి ఆనితే పసిబిడ్డల శ్వాసకు అడ్డు తగులుతుంది, నాలుగు నెలల లోపు వారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. చేరగానే చదునైన పక్క మీదికి మార్చండి. లేచినా సరే, మార్చండి.

ద్విచక్ర వాహనం విషయంలో నేను మెతకగా చెప్పలేను. ఊరంతా అలాగే తిరుగుతోందన్నది సమాధానం కాదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్, పెద్దవారికి కట్టి ఉంచే రక్షణ పట్టీ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదనీ కేంద్ర ప్రభుత్వం 2022లో నిబంధనలు తెచ్చింది. తలకు సరిపడే హెల్మెట్ లేని చిన్న పసికందును బండి మీద అసలు తీసుకువెళ్లకూడదు. నిద్రలోకి జారిన బిడ్డ ఒళ్లు వదులుతుంది, బరువు ఒక పక్కకు ఒరుగుతుంది, వెనుక కూర్చున్న తల్లి చేతులు రెండూ ఆ ఒరుగుదలను ఆపడానికే సరిపోతాయి. నిద్ర వేళ దాటాక బయలుదేరండి, లేదా ఆటో పిలవండి.

స్ట్రోలర్ కొనాలా, బేబీ క్యారియర్ కొనాలా?

గాంధీ రోడ్డులోనో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కలనో స్ట్రోలర్ నడిపి చూసినవారు ఈ ప్రశ్న మళ్లీ అడగరు. కాలిబాట మీద పూలబుట్టలు, బొమ్మల దుకాణాలు, చెప్పుల గుట్టలు ఉంటాయి, రోడ్డు దిగితే ఆటోలు ఉంటాయి. ఊరిలో తిరగడానికి క్యారియరే అనువు. శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల వంటి విశాలమైన చోట్లలో స్ట్రోలర్ పనికివస్తుంది, అందులో వెనుక భాగం పూర్తిగా చదునుగా వాలేది ఎంచుకోండి.

క్యారియర్‌లో బిడ్డ నిద్రపోయినప్పుడు కొన్ని విషయాలు మాటిమాటికీ చూసుకోవాలి. ముఖం మనకు కనిపించాలి, తల వంచితే నుదుటిని ముద్దాడేంత ఎత్తులో ఉండాలి, గడ్డానికి ఛాతీకి మధ్య రెండు వేళ్లు పట్టేంత ఎడం ఉండాలి, ముక్కుకు బట్ట అడ్డం రాకూడదు. చీర పైట బిడ్డ ముఖం మీదికి జారడం మనకు తెలియకుండానే జరుగుతుంది కాబట్టి పైటను పిన్నుతో కట్టుదిట్టం చేసుకోండి. ఎండలో రెండు శరీరాల వేడి కలుస్తుంది, గంటకొకసారి దించి గాలి తగలనివ్వండి.

మా బిడ్డకు చీర ఉయ్యాల తప్ప ఇంకెక్కడా నిద్ర పట్టదు. బయటికి ఎలా వెళ్లగలం?

చీర ఉయ్యాలలో పెరగని తరం మన దగ్గర తక్కువ. దాన్ని పూర్తిగా కాదనమని నేను చెప్పను. అయితే బట్ట ముఖం మీద మూసుకోకుండా పైన అడ్డకర్ర ఉండాలి, ఉయ్యాల నేలకు దగ్గరగా ఉండాలి, పెద్దవాళ్లు ఒకరు కనుచూపు మేరలో ఉండాలి. దొర్లడం వచ్చిన బిడ్డను అందులో ఒంటరిగా వదలకూడదు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు దుప్పట్లు లేకుండా పడుకోబెట్టడం అన్నిటికన్నా భద్రమైన పద్ధతి. రాత్రి నిద్రకు దీన్ని తప్పక పాటించాలి.

బయటికి వెళ్లడం కోసం అలవాటు మార్చాలనుకుంటే, రోజుకు ఒక్క నిద్రతో మొదలుపెట్టండి. ఉయ్యాల ఊపే ముందు మీరు ఏమేం చేస్తారో గుర్తుచేసుకోండి: కాళ్లు తుడవడం, ఒకే జోలపాట, నుదుటి మీద నిమరడం. ఉయ్యాల తప్ప మిగతావన్నీ పక్క మీద కూడా అదే వరుసలో చేయండి. కొద్ది రోజులకు ఆ వరుసే బిడ్డకు నిద్ర గుర్తు అవుతుంది. ఉయ్యాలను చిత్తూరుకో శ్రీకాళహస్తికో మోసుకెళ్లలేం, ఆ పాట, ఆ నిమరడం మాత్రం ఎక్కడికైనా వస్తాయి. అవ్వ పాత చీర ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని, వెళ్లిన చోట పక్క మీద బిగుతుగా పరిచి పడుకోబెడితే ఆ వాసనకు కుదుటపడే బిడ్డలు ఉన్నారు.

పెళ్లిళ్లకు, రాత్రి విందులకు వెళ్లడం ఎలా?

కల్యాణ మండపంలో మేళం, మైకు, ఏసీ మూడూ ఒకేసారి బిడ్డ మీద పడతాయి. వెళ్లగానే పెళ్లివారినో, మండపం నిర్వాహకులనో అడిగి వధువు గదికి దూరంగా ఉన్న ఒక గది ఎక్కడుందో తెలుసుకోండి. తెల్లవారుజాము ముహూర్తానికి బిడ్డను లేపి స్నానం చేయించి పట్టుబట్టలు కట్టే అవసరం లేదు. నిద్రలోనే నూలు బట్టల మీద ఎత్తుకువెళ్లి, లేచాక బట్టలు మార్చవచ్చు. తలంబ్రాల వేళకు ఉంటే చాలదా? రాత్రి రిసెప్షన్ అయితే ముందుగా వెళ్లి, ఎనిమిది లోపు తిరిగి రావడం మంచిది. ముఖం చూపించి వెళ్లిపోయారని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, పసిబిడ్డ తల్లిని నొచ్చుకోకుండా పంపించే బాధ్యత పిలిచినవారిది కూడా.

“మా కాలంలో ఈ లెక్కలన్నీ ఉండేవా?” అని అత్తయ్య అంటున్నారు. ఏం చెప్పాలి?

వాళ్ల కాలంలోనూ లెక్క ఉండేది, కాగితం మీద రాసుకోలేదు, అంతే. నూనె మర్దన, తలంటు, సాంబ్రాణి పొగ, ఆ తరువాత రెండు మూడు గంటల నిద్ర అనే వరుస ఆ ఇంట్లో రోజూ అదే వేళకు జరిగేది. ఇంట్లో నలుగురు ఆడవాళ్లు ఉండేవారు, బిడ్డతో తల్లి బయటికి వెళ్లవలసిన అవసరం తక్కువ. అత్తయ్యతో “బిడ్డ నిద్ర వేళ మీరు చూసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది” అని చెప్పి ఆ బాధ్యత ఆమెకు అప్పగిస్తే, చాలా ఇళ్లలో వాదన అక్కడితో ఆగిపోతుంది. పొగ విషయంలో మాత్రం రాజీ వద్దు. సాంబ్రాణి పొగ పసివారి ఊపిరితిత్తులకు మంచిది కాదు, తల తుడిచి ఆరబెడితే చాలు.

టీకా వేయించిన రోజు నిద్ర వేళలు తప్పుతున్నాయి. ఏమిటి కారణం?

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాల తరువాత కొందరు బిడ్డలు ఎక్కువగా నిద్రపోతారు, కొందరు చిరాకుపడి అసలు పడుకోరు. రెండూ మామూలే, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ రోజు ఇంకే ప్రయాణమూ పెట్టుకోకండి.

ప్రయాణంలో నిద్రపట్టడానికి జలుబు మందు పట్టవచ్చా?

పట్టకూడదు. మత్తు కోసం జలుబు, దగ్గు సిరప్‌లు పట్టడం వల్ల పసిబిడ్డ శ్వాస మందగించే ప్రమాదం ఉంది. జలుబు మందుల్లో సాధారణంగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ మిశ్రమాన్ని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద హెచ్చరిక ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. ఎవరు ఎంత అనుభవంతో చెప్పినా ఈ సలహా వినకండి.

రెండు నిద్రల నుంచి ఒక నిద్రకు మారే కాలంలో బయటి పనులు ఎలా?

పొద్దుటి నిద్రకు ఒకరోజు పడుకుంటుంది, ఇంకో రోజు ఆడుకుంటూ గడిపేస్తుంది. ఈ దశ కొన్ని వారాలు సాగుతుంది. ఆ వారాల్లో మధ్యాహ్న భోజనం పదకొండున్నరకే పెట్టి, పన్నెండుకే పడుకోబెట్టడం మొదలుపెట్టండి. బయటి పనులు పొద్దుటి పూటకు జరపండి, అయితే పదకొండు దాటాక వాహనంలో ఉండకుండా చూసుకోండి. ఆ వేళకు పది నిమిషాల కునుకు తీసినా మధ్యాహ్నం నిద్ర మొత్తం ఎగిరిపోతుంది. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లవలసి ఉంటే, మధ్యాహ్నం నిద్ర వేళకే బస్సు ఎక్కి ఒడిలో పూర్తిగా పడుకోనివ్వడం నయం.

రోజంతా చెదిరిపోయింది. మర్నాడు ఎలా సరిదిద్దుకోవాలి?

ఆ రాత్రి అరగంటో గంటో ముందు పడుకోబెట్టండి. మర్నాడు ఎప్పటి వేళకే లేపి, కిటికీ తెరిచి వెలుగు చూపించి, మొదటి నిద్రను ఇంట్లోనే జరపండి. అంతకు మించి ఏమీ చేయనవసరం లేదు. ఊరి నుంచి వచ్చాక రెండు మూడు రోజులు తడబాటు ఉంటుంది.

బిడ్డ నిద్ర కోసం నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోతున్నాను. ఇది సరేనా?

సరికాదు. ప్రసవం తరువాత తల్లి మనసు చాలా సున్నితంగా ఉంటుంది. రోజుకు ఒకసారైనా వెలుగులోకి వచ్చి, ఇంకో మనిషితో మాట్లాడడం ఆమె ఆరోగ్యానికి అవసరం. బిడ్డ నిద్ర వేళలు చెడతాయన్న భయంతో తల్లి కుమిలిపోతుంటే ఆ వేళలను సడలించవలసిందే. బిడ్డ మొదటి నిద్రలో ఉన్నప్పుడు తండ్రి ఇంట్లో ఉండే ఒక పూటను వారంలో తల్లికి ఇవ్వాలి, ఆమె ఒంటరిగా బజారుకో, కపిలతీర్థానికో వెళ్లిరావాలి. దిగులు, ఏడుపు, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోవడం రెండు వారాలకు మించి ఉంటే వైద్యులకు చెప్పాలి. ఇది తల్లి బలహీనత కాదు, నయమయ్యే జబ్బు.

ఎలాంటి నిద్ర విషయంలో వైద్యుణ్ని వెంటనే చూడాలి?

ఎంత లేపినా సరిగ్గా కళ్లు తెరవకపోవడం, పాలకు లేవకపోవడం, నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం, పెదవులు నీలంగా మారడం, పక్కటెముకలు లోపలికి పోయేలా శ్వాస తీయడం కనిపిస్తే బిడ్డ అలసిపోయిందని సరిపెట్టుకోకండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ జ్వరం ఉన్నా అదే మాట. ఎండలో తిరిగి వచ్చాక బిడ్డ ఒళ్లు కాలుతూ, నోరు ఎండి, ఆరు గంటలుగా మూత్రం పోయకుండా మగతగా పడి ఉంటే అది నిద్ర కాదు. కొండ మీద ఉంటే అక్కడి అశ్వినీ ఆసుపత్రికి, ఊరిలో ఉంటే రుయా వంటి పిల్లల విభాగం ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి, దారిలో మింగగలిగే స్థితిలో ఉంటే రొమ్ము అందిస్తూ వెళ్లండి. వాహనం దొరకకపోతే 108కి ఫోన్ చేయండి.